సూపర్ 8, డబుల్ 8 ఫిల్ము ఇంకా తయారవుతోందా? ఏది కొనాలి, ఎక్కడ కడిగించాలి?

పాతరీలు (ప్రశ్న)

నమస్తే అండి. రెండు హోమ్ మూవీ కెమెరాలు చేతిలో ఉన్నాయి. ఒకటి సూపర్ 8, ఫిల్ము నింపిన ప్లాస్టిక్ కార్ట్రిడ్జి వేసేది. దాని మాన్యువల్లో ఏఎస్ఏ 40, 160 అని రెండే ఫిల్ము స్పీడులు (వెలుతురుకు ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకెలు) రాసి ఉన్నాయి. పెన్సిల్ సెల్స్ వేస్తే మోటారు తిరుగుతోంది. వెలుతురు కొలిచే మీటరుకు వేరే చిన్న గూడు ఉంది, లోపల పీఎక్స్ 625 అని ముద్ర. రెండోది కీ ఇచ్చి తిప్పే డబుల్ 8 బోలెక్స్ (16 ఎంఎం వెడల్పు ఫిల్మును ఒక్కోసారి సగం చొప్పున రెండుసార్లు నడిపేది), దీనికి బ్యాటరీ లేదు.

డిసెంబరులో రాజమండ్రిలో ఒక పెళ్లి తీయాలి. పగలు ఆరుబయట, రాత్రి ఫంక్షన్ హాల్లో. నా సందేహాలు:

ఈ ఫిల్ము ఇప్పటికీ కొత్తగా తయారవుతోందా, లేక పాత స్టాకునే అమ్ముతున్నారా? పై రెండు కెమెరాలకీ ఏది కొనాలి? సీలు విప్పని కోడాక్రోమ్ 40 కార్ట్రిడ్జిలు నాలుగున్నాయి, వాడొచ్చా? తీసింది ప్రొజెక్టర్ మీద వేసి చూడాలని కోరిక, అది కుదురుతుందా? హైదరాబాదులో ఉంటూ కడిగించుకునే దారేమిటి?

గేట్‌అండ్‌క్లా

కొత్తగానే తయారవుతోంది. నిశ్చింతగా ఉండండి. కాకపోతే "తయారు చేసేవాళ్లు", "నింపి అమ్మేవాళ్లు" వేరువేరని ముందు తెలుసుకోవాలి. ఇంటర్నెట్‌లో సూపర్ 8 అమ్మే బ్రాండ్లు చాలా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ మంది వేరేవాళ్ల ఫిల్ము కొని, కోసి, రంధ్రాలు వేసి, కార్ట్రిడ్జిలో నింపి తమ లేబుల్ అంటిస్తారు. ఎమల్షన్, అంటే వెలుతురుకు స్పందించే పూత, పూసే ఫ్యాక్టరీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి.

రంగు ఫిల్ముకు అసలు దిక్కు కొడక్. అమెరికాలోని రోచెస్టర్లో 38వ నంబరు భవనంలో దాదాపు నాలుగున్నర అడుగుల వెడల్పున్న రోలు మీద ఎమల్షన్ పూస్తారు. ఒకే తానులోంచి పంచెలూ తువ్వాళ్లూ కోసినట్టు, ఆ రోలులోంచే 35 ఎంఎం, 16 ఎంఎం, సూపర్ 8 కోస్తారు. అంటే మీరు కొనబోయే 500టి అనే రకం కార్ట్రిడ్జిలో ఉన్నదీ, పెద్ద సినిమాకు వాడే 500టీ ఒకే ఎమల్షన్. 8 ఎంఎం బతికి ఉండటానికి అసలు కారణం ఇదే. హోమ్ మూవీల అమ్మకం ఒక్కదాని మీద ఆధారపడితే ఈ కోటింగ్ యంత్రం నడవదు. 2012 జనవరిలో కొడక్ దివాలా రక్షణ కోరింది. 2013లో ఫ్యూజీ సినిమా నెగటివ్ తయారీ నుంచి తప్పుకుంది. ఆ తర్వాత 2015లో హాలీవుడ్ పెద్ద స్టూడియోలు కొడక్‌తో ఫిల్ము కొనుగోలు ఒప్పందాలు చేసుకున్నాయి. కోటింగ్ లైను ఆగకుండా నిలబడిందంటే అందుకే. 2024 నవంబరులో రోచెస్టర్ ప్లాంటును కొన్నాళ్లు ఆపి యంత్రాలు ఆధునీకరించారు కూడా. మూసేసే ఉద్దేశమున్న సంస్థ ఆ ఖర్చు పెట్టదు.

సూపర్ 8లో ఇప్పుడు కొడక్ ఇచ్చేవి ఇవి: విజన్3 నెగటివ్‌లో 50డి, 200టి, 500టి (అంకె స్పీడు, డి అంటే పగటి వెలుతురు రకం, టి అంటే టంగ్‌స్టన్ బల్బు వెలుతురు రకం). రివర్సల్‌లో, అంటే కడిగిన ఫిల్ము మీదే పాజిటివ్ బొమ్మ వచ్చే రకంలో, ట్రై-ఎక్స్ నలుపు తెలుపు, ఎక్టాక్రోమ్ 100డి రంగు. ఎక్టాక్రోమ్‌ను 2012 చివర్లో ఆపేశారు, 2018లో మళ్లీ తెచ్చారు.

మన దేశం సంగతి అడుగుతారేమో. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ "ఇందు" పేరుతో నలుపు తెలుపు ఫిల్ము, ఎక్స్‌రే ఫిల్ము తీసేది. అది మూతపడింది. కాబట్టి అంతా దిగుమతే.

కోడాక్రోమ్ గురించి. రంగుల్లో కడిగించే దారి ఇప్పుడు లేదు. మిగతా రంగు ఫిల్ముల్లో రంగు నిచ్చే కప్లర్లు ఎమల్షన్‌లోనే ఉంటాయి, కోడాక్రోమ్‌లో ఉండవు. అవి డెవలపర్ ద్రావణాల్లోంచి రావాలి. కే-14 అనే ఆ ప్రక్రియకు కావలసిన రసాయనాల తయారీయే ఆగిపోయింది. కాన్సాస్ రాష్ట్రం పార్సన్స్ ఊళ్లోని డ్వేన్స్ ఫోటో చివరి ల్యాబు, 2010 డిసెంబరు 30 వరకు అందిన రోల్సే కడిగింది. ఇప్పుడైతే నలుపు తెలుపుగా మాత్రమే ఏదో బొమ్మ వస్తుంది. పెళ్లికి అసలు వాడొద్దు. ఒక కార్ట్రిడ్జిని మాత్రం కెమెరా పరీక్షకు బలివ్వండి: మోటారు బరువు మీద ఆగుతోందా, ఫుటేజి ముల్లు కదులుతోందా, కార్ట్రిడ్జి చివరిదాకా లాగుతోందా అని చూసుకోవచ్చు. 18 ఫ్రేముల వేగంలో పూర్తిగా నడవడానికి 3 నిమిషాల 20 సెకన్లు పట్టాలి. ఫోనులో టైము పెట్టండి. 3 నిమిషాల 40 సెకన్లు దాటితే మోటారు నీరసంగా ఉన్నట్టు. ముందు సెల్స్ గూట్లోని పచ్చ చిలుమును గట్టి రబ్బరుతోనో, వెనిగర్ అద్దిన దూది పుల్లతోనో తుడిచి మళ్లీ చూడండి.

నాచ్‌పిన్

ఏఎస్ఏ 40, 160 కెమెరా అన్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. సూపర్ 8లో ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే.

కార్ట్రిడ్జి ముందు అంచున ఒక గాటు ఉంటుంది. అది ఎంత ఎత్తులో ఉందో కెమెరాలోని పిన్ను తడిమి ఫిల్ము స్పీడు తెలుసుకుంటుంది. కింద ఇంకో చిన్న గాటు ఫిల్టర్ కోసం. అది ఉంటే ఫిల్ము టంగ్‌స్టన్ రకమని అర్థం, లోపలి నారింజ రంగు 85 ఫిల్టరు దాని చోట ఉండిపోతుంది. గాటు లేకపోతే కార్ట్రిడ్జి ఒంటి అంచు పిన్నును నొక్కి ఫిల్టరును పక్కకు తప్పిస్తుంది. కొన్ని చవక కెమెరాల్లో ఈ రెండో పిన్నే ఉండదు. అందుకే గాటు మీద నమ్మకం పెట్టుకోకుండా మీటను చేత్తో మార్చుకోండి: సూర్యుడి గుర్తంటే ఫిల్టరు లోపలుంది, బల్బు గుర్తంటే ఫిల్టరు తప్పుకుంది. 50డి, ఎక్టాక్రోమ్, ట్రై-ఎక్స్ వేసినప్పుడు ఎర్రటి ఎండలో కూడా మీట బల్బు గుర్తు మీదే ఉండాలి. వింతగా అనిపిస్తుంది గానీ అదే సరి. లెన్సులోంచి చూస్తూ మీట అటూ ఇటూ జరపండి. కెమెరా గేటు (బొమ్మ పడేటప్పుడు ఫిల్ము నిలిచే చోటు) వెనక నుంచి చూస్తే నారింజ గాజు వచ్చిపోవడం కళ్లకు కనిపిస్తుంది.

ఇక మీ కెమెరాకు లెక్కలు. 500టిని అది 160గా చదివితే దాదాపు ఒకటీ మూడింట రెండు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు, లేదా సగం) ఎక్కువ వెలుతురు పడుతుంది. విజన్3 నెగటివ్‌కు అది భారం కాదు, గ్రెయిన్ ఇంకా తగ్గుతుంది. 200టిని 160గా చదివితే మూడో వంతు స్టాప్ తేడా, పట్టించుకోనక్కర్లేదు. 50డిని 40గా చదివినా అంతే. చిక్కంతా ఎక్టాక్రోమ్‌తోనే: 100డిని 160గా చదివితే మూడింట రెండు స్టాపులు తక్కువ వెలుతురు. రివర్సల్ ఫిల్ము అర స్టాప్ తేడా కంటే ఎక్కువ ఓర్చదు, నీడలన్నీ నల్లగా మూసుకుపోతాయి. మీ కెమెరాకు ఎపర్చరును (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) చేత్తో పెట్టే వీలుంటేనే ఎక్టాక్రోమ్ కొనండి. ఫోనులో లైట్ మీటర్ యాప్‌తో 100 పెట్టి కొలిచి, ఆ అంకెను చేత్తో పెట్టాలి. వ్యూఫైండరుకు వెలుతురు మళ్లించే ప్రిజమ్ కొంత మింగేస్తుంది కాబట్టి దానికి మూడో వంతు స్టాప్ అదనంగా తెరవండి.

పెళ్లికి నా సలహా: పగలు 50డి, రాత్రి 500టి. పగలు కూడా 200టి చాలదా అంటారు కొందరు. చాలు, కానీ మన మధ్యాహ్నపు ఎండలో ఫిల్టరు పెడితే 200టి 125గా పనిచేస్తుంది. 18 ఫ్రేముల వేగంలో సెకనులో 40వ వంతు ఎక్స్‌పోజరుకు ఎఫ్ 28 దగ్గర అవసరం పడుతుంది (ఎఫ్ అంకె పెరిగే కొద్దీ రంధ్రం సన్నబడుతుంది). సూపర్ 8 ఫ్రేము 5.8 ఎంఎం వెడల్పుదే, అంత సన్నటి రంధ్రంలోంచి వచ్చే వెలుతురు చెదిరి బొమ్మ మెత్తబడిపోతుంది. 50డి అయితే ఎఫ్ 16 చుట్టూ ఉంటుంది. దాని ముందు రెండు స్టాపుల ఎన్‌డీ (రంగు మార్చకుండా వెలుతురు తగ్గించే) ఫిల్టరు బిగిస్తే ఎఫ్ 8కి దిగుతుంది, లెన్సు బాగా పనిచేసే చోటు అదే.

రాత్రి హాల్లో ఇంకొక సంగతి. మీ కెమెరా 160 అనుకుంటుంది కాబట్టి "వెలుతురు చాలదు" అని ముందే ఎర్ర గుర్తు చూపిస్తుంది. అప్పటికి ఎపర్చరు పూర్తిగా తెరుచుకుని ఉంటుంది, ఫిల్ములో ఇంకా ఒకటిన్నర స్టాపు పైనే దమ్ము మిగిలి ఉంటుంది. ఆపకుండా తీయండి. జూమ్ వెడల్పు కొసన ఉంచండి, చాలా లెన్సుల్లో దూరపు కొసన వెలుతురు తగ్గుతుంది.

హాల్లో ట్యూబులు, ఎల్‌ఈడీలు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంటాయి. షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 50వ వంతుకు దగ్గరగా ఉంటే ప్రతి ఫ్రేములో రెండు మెరుపులు పడి మిణుకు తెలియదు. అందుకే హాల్లో 18 వేగం కంటే 24 మంచిది. మీ కెమెరాలో 25 ఉంటే ఇంకా మేలు, ఒక ఫ్రేము మొదలు నుంచి తర్వాతి ఫ్రేము మొదలుకు సరిగ్గా నాలుగు మెరుపులు వస్తాయి, వాటిలో రెండు షట్టర్ తెరిచి ఉన్నప్పుడు పడతాయి. 24లో కార్ట్రిడ్జి రెండున్నర నిమిషాలకే అయిపోతుంది, దానికి సిద్ధపడాలి.

లెక్క: ఒక్కోదానిలో 50 అడుగులు, 3600 ఫ్రేములు. పగటికి 18 వేగంలో ఆరు కార్ట్రిడ్జిలు తీసుకుంటే 20 నిమిషాలు. రాత్రికి 24 వేగంలో నాలుగు, 10 నిమిషాలు. ఒక్కో షాటు 6 నుంచి 8 సెకన్లు ఉండనివ్వండి.

మీటరు సెల్ మాట మర్చిపోయాను. పీఎక్స్ 625 పాదరసం సెల్, 1.35 వోల్టులు, ఇప్పుడు తయారీ లేదు. అదే సైజు ఆల్కలైన్ వేస్తే 1.5 వోల్టులిస్తుంది, చాలా కెమెరాల్లో మీటరు ఎక్కువ చూపించి ఎపర్చరును మూసేస్తుంది. పైగా అరిగే కొద్దీ వోల్టేజి జారుతూ పోతుంది. వినికిడి యంత్రానికి వేసే 675 జింక్ ఎయిర్ సెల్ మందుల షాపుల్లో దొరుకుతుంది. చుట్టూ చిన్న రబ్బరు రింగు పెడితే గూట్లో సరిపోతుంది, వోల్టేజి దాదాపు నిలకడ. పైనున్న స్టిక్కరు పీకాక కొన్ని వారాలే పనిచేస్తుంది, కాబట్టి పెళ్లికి ముందు రోజు పీకండి. పీకాక ఐదు నిమిషాలు గాలి తగలనిచ్చి లోపల పెట్టాలి.

రెండువైపులా

డబుల్ 8కి నేను చెబుతాను. ఇక్కడ కొడక్ కాదు, చెక్ రిపబ్లిక్‌లోని ఫోమా బొహీమియా ఆధారం. 1921 నుంచి ఉన్న కంపెనీ, హ్రాడెత్స్ క్రాలోవే ఊరు. ఫోమాపాన్ ఆర్100 అనే నలుపు తెలుపు రివర్సల్ ఫిల్మును డబుల్ 8 స్పూలు మీద 10 మీటర్ల పొడవున ఇస్తారు. అందులో రెండు కొసలా లీడరు (ఎక్కించడానికి వదిలే ముక్క) పోగా వాడుకునేది 25 అడుగులు. ఒకసారి నడిపి, స్పూలు తిరగేసి మళ్లీ నడిపితే 4000 ఫ్రేములు, 16 వేగంలో 4 నిమిషాల 10 సెకన్లు.

కొనేటప్పుడు లేబుల్ రెండుసార్లు చదవండి. ఫోమా ఇదే ఎమల్షన్ను మూడు రకాల రంధ్రాలతో అమ్ముతుంది: 16 ఎంఎం, డబుల్ 8, డబుల్ సూపర్ 8. మూడింటి వెడల్పూ 16 ఎంఎమ్మే, స్పూళ్లు కూడా పైకి ఒకలాగే కనిపిస్తాయి. తేడా రంధ్రాల ఎడంలో ఉంది. 16 ఎంఎంలో 7.62 ఎంఎంకి ఒకటి, డబుల్ 8లో 3.81 ఎంఎంకి ఒకటి, డబుల్ సూపర్ 8లో 4.23 ఎంఎంకి ఒకటి. మీ బోలెక్స్‌లో 16 ఎంఎం ఫిల్ము వేస్తే ఫిల్మును లాగే పంజా ఒకసారి రంధ్రంలో, మరుసటిసారి ఫిల్ము ఒంటి మీద పడుతుంది. బొమ్మ చెడటమే కాదు, చిరిగిన ముక్కలు గేటులో ఇరుక్కుంటాయి. డబుల్ సూపర్ 8 వేస్తే నాలుగైదు ఫ్రేములు లాగి ఆగిపోతుంది.

డబుల్ 8లో రంగు కావాలంటే చిన్న వ్యాపారులు కొడక్ స్టాకుకు తిరిగి రంధ్రాలు వేసి అమ్మేవి ఉన్నాయి. బాగానే ఉంటాయి, కానీ రంధ్రాల నాణ్యత బ్యాచ్ బ్యాచ్‌కీ మారుతుంది. బొమ్మ పైకీ కిందకీ ఊగితే కెమెరాను అనుమానించే ముందు ఫిల్మును అనుమానించండి.

లోడింగ్: నీడలో చేయండి, ఎండలో వద్దు. స్పూలు అంచుకు ఒక పక్క మూడు గాట్లు, ఇంకో పక్క నాలుగు ఉంటాయి. కెమెరా ఇరుసు దానికి సరిపడేలా చెక్కి ఉంటుంది. అందుకే మొదటి సగం తీశాక తప్పు పక్క పెట్టడానికి వీల్లేదు. బలవంతంగా నొక్కితే తప్ప! ఎక్కకపోతే తిరగేయాలని అర్థం. లీడరు గేటులోకి పంపేటప్పుడు పైనా కిందా లూపు వదలాలి. లూపు బిగుసుకుంటే బొమ్మ కిందికి జారిపోయినట్టు వస్తుంది. మూత వేయకముందే మీట నొక్కి ఒక అడుగు నడిపి కళ్లతో చూడండి. మొదటి వైపు అయ్యాక స్పూలు తీసేటప్పుడు ఫిల్ము వదులవకుండా వేలితో పట్టుకోండి. ఆ రెండు సెకన్లలో వదులైన చుట్టల అంచుల మీదే నారింజ పొగ, లేదా నలుపు తెలుపులో తెల్ల మచ్చలు పడతాయి.

ఎక్స్‌పోజరు: ఆర్100 పగటి వెలుతురుకు 100. 16 వేగంలో ఎండలో ఎఫ్ 22 దాటి అడుగుతుంది, పాత లెన్సుల్లో చాలావాటికి అంత మూసుకునే వీలుండదు. రెండు స్టాపుల ఎన్‌డీ పెట్టి ఎఫ్ 11, 16 మధ్య ఉంచండి. రాత్రి హాల్లో దీన్ని ప్రయత్నించకండి.

ఒక గట్టి హెచ్చరిక. ఆర్100ను నెగటివ్‌గా కడగొద్దు. ఎమల్షన్ కింద ప్రతిఫలనాన్ని ఆపడానికి కొల్లాయిడ్ వెండి పొర ఉంటుంది, అది బ్లీచ్‌లోనే, అంటే వెండిని కరిగించే ద్రావణంలోనే కరుగుతుంది. రివర్సల్‌లో బ్లీచ్ ఉంది కాబట్టి పోతుంది. మామూలు డెవలపర్, హైపో (ఫిక్సర్)తో కడిగితే ఆ పొర అలాగే మిగిలి ఫిల్మంతా నల్లటి ముసుగేసినట్టుంటుంది. నలుపు తెలుపే కదా అని ఏ స్టూడియోకైనా ఇచ్చేస్తే జరిగేది ఇదే.

పాతరీలు

అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు ప్రశ్నలు. విజన్3 తీసుకుంటే ప్రొజెక్టర్ మీద వేయలేనని అర్థమైంది, నిజమేనా? డబుల్ 8 నలుపు తెలుపు ఇంట్లో కడగొచ్చంటున్నారు, హైదరాబాదు నీళ్లతో సాధ్యమా?

వెండిఉప్పు

మొదటిదానికి: నిజమే. విజన్3 నెగటివ్, స్కాన్ చేసి తిప్పి చూడాల్సిందే. పెళ్లి అంటే మళ్లీ తీయలేని సందర్భం, అందుకే నాచ్‌పిన్ గారు నెగటివ్ సూచించారు, నేనూ అదే అంటాను. ప్రొజెక్టర్ ముచ్చట కోసం ఒక ట్రై-ఎక్స్ కార్ట్రిడ్జి, ఒక ఆర్100 స్పూలు పక్కన పెట్టుకోండి. మీ కెమెరా ట్రై-ఎక్స్‌ను 160గా చదువుతుంది. దాని పగటి స్పీడు 200, తేడా మూడో వంతు స్టాపే, నష్టం లేదు. సూపర్ 8, డబుల్ 8 రీళ్లు ఒకే ప్రొజెక్టర్లో నడవవు, రంధ్రం సైజూ ఎడమూ వేరు. రెంటికీ మీట ఉన్న డ్యుయల్ ప్రొజెక్టర్ అయితే పనవుతుంది.

రెండోది: సాధ్యమే, శీతాకాలంలో. మే నెలలో కుళాయి నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. పర్మాంగనేట్ బ్లీచ్ జెలటిన్ను మెత్తబరుస్తుంది. ఆ వేడిలో ఎమల్షన్ అంచుల దగ్గర ముడతలు పడి, రంధ్రాల చుట్టూ పొరలా లేచిపోతుంది. వేలితో తాకితే ఊడొస్తుంది. అన్ని ద్రావణాలూ, కడిగే నీళ్లూ 20 డిగ్రీలకు ముందే తెచ్చి బకెట్లలో పెట్టుకోవాలి. ద్రావణం 20లో ఉండి, మధ్యలో కుళాయి నీళ్లు 28లో పడితే ఫిల్ముకు అది ఇంకా చేటు. ఐస్ ముక్కలు సంచిలో కట్టి బకెట్లో వేయండి, నేరుగా ద్రావణంలో వేస్తే పలచబడుతుంది.

ట్యాంకు: రష్యన్ లోమో స్పైరల్ ట్యాంకు వెతకండి. చీకట్లో ఎక్కించడం ముందుగా పాడైన ఫిల్ముతో వెలుతురులో సాధన చేయాలి. చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటే అంటుకున్న చోట ద్రావణం తగలదు.

వరుస ఇది. మొదటి డెవలపర్. నీళ్లు. బ్లీచ్. నీళ్లు. క్లియరింగ్. నీళ్లు. వెలుతురు. రెండో డెవలపర్. ఫిక్సర్. చివరి కడుగు.

మొదటి డెవలపర్ కొడక్ డి-94 సూత్రం ఒక లీటరుకు: మెటాల్ 0.6 గ్రాములు, సోడియం సల్ఫైట్ 50, హైడ్రోక్వినోన్ 20, పొటాషియం బ్రోమైడ్ 8, సోడియం థయోసయనేట్ 6, కాస్టిక్ సోడా 20. చిటికెడు సల్ఫైట్ ముందు వేసి మెటాల్ కలపండి, తర్వాత మిగతావి ఇదే క్రమంలో. కాస్టిక్ చివర్న, చల్లటి నీళ్లలో విడిగా కరిగించి మెల్లగా పోయాలి. నీళ్లు వేడెక్కుతాయి, కళ్లద్దాలూ చేతొడుగులూ తప్పనిసరి. థయోసయనేట్ ఎందుకంటే, తెల్లగా రావాల్సిన చోట్ల మిగిలే సన్నటి వెండి ఉప్పును అది కరిగిస్తుంది. అది లేకపోతే ఆకాశం, తెల్ల పంచెలు బూడిద రంగులో వస్తాయి. ఎంతసేపో తెలియడానికి ఆర్100 కడిగే కిట్టులోని కాగితం చూడండి, డి-94 వాడితే రెండడుగుల ముక్కతో పరీక్ష చేసుకోండి. తుది బొమ్మ మరీ నల్లగా ఉంటే మొదటి డెవలపర్ సమయం పెంచాలి, వెలిసినట్టుంటే తగ్గించాలి. నెగటివ్ కడిగే అలవాటున్న వాళ్లు దీన్ని ఉల్టాగా చేసి చెడగొట్టుకుంటారు.

బ్లీచ్: 500 మిల్లీలీటర్ల నీళ్లలో 2 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్. వేరే 500 మిల్లీలీటర్లలో 10 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి గానీ నీళ్లను ఆమ్లంలో కాదు. రెండింటినీ వాడే ముందు మాత్రమే కలపండి, కలిపాక నిల్వ ఉండదు. 20 డిగ్రీల్లో 5 నిమిషాలు. డైక్రోమేట్ బ్లీచ్ జెలటిన్ను అంతగా మెత్తబరచదని కొందరు దాన్ని వాడతారు. అది క్యాన్సర్ కారకం, డ్రైనేజీలో పోయకూడనిది, ఇంట్లో పెట్టకండి.

బ్లీచ్ తర్వాత ఫిల్ము గోధుమ రంగు పట్టి ఉంటుంది. అది మాంగనీస్ డయాక్సైడ్. లీటరుకు 25 గ్రాముల సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణంలో 2 నిమిషాలు ఉంచితే మీ కళ్లముందే విడిపోయి, లేత మీగడ రంగు బొమ్మ మిగులుతుంది. నల్ల చారలు ఇంకా కనిపిస్తే బ్లీచ్ చాలలేదు. కడిగి మళ్లీ ముంచండి. ఇక్కడి నుంచి లైటు వేసుకోవచ్చు. 100 వాట్ల బల్బు కింద స్పైరల్‌ను రెండు వైపులా తిప్పుతూ ఒక్కో వైపు రెండు నిమిషాలు వెలుతురు చూపించండి. తక్కువైతే నలుపు నిండుగా రాదు, ఎక్కువైతే నష్టమేమీ లేదు. రెండో డెవలపరుకు పేపర్ డెవలపర్ ఏదైనా చాలు, నలుపు నిండేదాకా ఉంచండి. ఫిక్సర్ గట్టిపరిచే రకం అయితే ఈ ఎండల దేశంలో మంచిది.

ఆరబెట్టేటప్పుడు ఎమల్షన్ వైపు బయటికి ఉండేలా పెద్ద చుట్టలుగా కట్టండి, ఫ్యాను వేయకండి. తర్వాత నడిమికి కోసి, రెండు సగాలనూ అతికించాలి. ఈ కోసే పనికి స్లిట్టర్ కావాలి, బ్లేడుతో చేతి పని చేస్తే అంచు వంకర పోయి ప్రొజెక్టర్లో ఎగురుతుంది. స్లిట్టర్ దొరక్కపోతే కోయకుండా 16 ఎంఎంగానే స్కాన్ చేయించుకోవచ్చు. ఒకే ఫ్రేములో నాలుగు చిన్న బొమ్మలు వస్తాయి, రెండు తలకిందులుగా. కంప్యూటర్లో విడగొట్టుకోవాలి.

గేట్‌అండ్‌క్లా

కడిగించే సంగతి, పంపే సంగతి చెప్పి ముగిస్తాను.

మన ఊరి ఫోటో ల్యాబు యంత్రాలు 35 ఎంఎం స్టిల్ ఫిల్ముకు చేసినవి, సూపర్ 8 అందులో ఎక్కదు. పైగా విజన్3కి మామూలు రంగు నెగటివ్ కడిగే సీ-41 కాదు, ఈసీఎన్-2 ప్రక్రియ. ఇన్నాళ్లూ దాని వెనుక రెమ్‌జెట్ అనే మసి పొర ఉండేది, మామూలు యంత్రంలో పోతే ట్యాంకులన్నీ పాడుచేస్తుంది. 2025లో కొడక్ రెమ్‌జెట్ లేని విజన్3కి మారడం మొదలుపెట్టింది. కడగడం తేలికవుతుంది, కానీ పాతదీ కొత్తదీ కలిసి మార్కెట్లో ఉంటాయి. ల్యాబుకు పంపేటప్పుడు డబ్బా మీది లేబుల్ ఫోటో కూడా పంపండి.

యూరప్‌లో బెర్లిన్ ఆండెక్, లండన్ సినీల్యాబ్ ఈ పని చేసేవాటిలో పేరున్నవి. ఎవరికి రాసినా ఈ విషయాలు ముందే అడగండి: ఈ రకం ఫిల్ముకు ప్రక్రియ నడుపుతున్నారా, వారానికి ఏ రోజు, డబుల్ 8 అయితే కోసి ఇస్తారా, స్కాను ఏ రిజల్యూషన్‌లో, ఫ్రేము అంచుల బయటి భాగం కూడా కలిపి ఇస్తారా. స్కానును లాగ్ ఫైలుగా (రంగులు ఇంకా దిద్దని, వెలిసినట్టుండే ఫైలుగా) అడిగితే రంగులు మీరు సరిచేసుకోవచ్చు. ఫిల్ము ధర ఒక్కటే చూసి బడ్జెట్ వేయకండి. కడగడం, స్కాను, కొరియర్ కలిపితే ఫిల్ము కంటే ఎక్కువవుతుంది.

కడగని ఫిల్మును చెక్-ఇన్ సామానులో ఎప్పుడూ పెట్టకండి. అక్కడి యంత్రాల ఎక్స్‌రే తీవ్రం. చేతి సామాను కోసం కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు కూడా ఒక్క దెబ్బకే 500టిని పొగబట్టిస్తాయి. పారదర్శక సంచిలో పెట్టి, సెక్యూరిటీ వాళ్లను చేత్తో చూడమని మర్యాదగా అడగండి, ఇందుకోసం అరగంట ముందు వెళ్లండి. కొరియరైతే పార్శిల్ మీద పెద్ద అక్షరాలతో "కడగని ఫిల్ము, ఎక్స్‌రే చేయవద్దు" అని ఇంగ్లీషులో రాయండి. లోపల కూడా ఒక కాగితం ఉంచండి.

నిల్వ: ఫ్రిజ్‌లో 13 డిగ్రీల లోపు, సీలు కవరులోనే. తీశాక కనీసం గంటన్నర బయట ఉంచి అప్పుడే కవరు చింపండి. రాజమండ్రి గాలిలో తేమ ఎక్కువ, చల్లటి ఫిల్ము మీద నీటి చుక్కలు పేరుకుంటాయి. తీసిన ఫిల్మును కారులో వదలకండి. పెళ్లయిన వారంలో పంపేయండి, బొమ్మ పడిన ఫిల్ము వేడిలో నిలవుంటే రంగు వెలుస్తుంది.

పెళ్లి రోజున చేయాల్సింది: గేటును మెత్తటి బ్రష్‌తో దులిపి, అంటుకున్న ఎమల్షన్ ముద్దను పంటిపుల్లతో గీకండి, ఇనుము తగలనివ్వొద్దు. కార్ట్రిడ్జి వేసే ముందు దానిలోని టేకప్ ఇరుసును (తీసిన ఫిల్మును చుట్టుకునేదాన్ని) తిరిగే దిశలో వేలితో కొద్దిగా తిప్పి వదులు తీయండి. వెనక్కి తిరగదు, బలవంతం చేయొద్దు. మధ్యలో తీసి వేరేది వేయాల్సొస్తే గేటులో ఉన్న కొద్ది ఫ్రేములే పోతాయి. కానీ చాలా కెమెరాల్లో ఫుటేజి ముల్లు సున్నాకు తిరిగిపోతుంది, మిగిలిన అడుగులు లేబుల్ మీద రాసుకోండి. కార్ట్రిడ్జి అయిపోయిందో లేదో సందేహమైతే తీసి గేటు దగ్గర ఫిల్ము చూడండి. "ఎక్స్‌పోజ్డ్" అన్న అచ్చు కనిపిస్తే పూర్తయినట్టే.

నాచ్‌పిన్

ఒక్కటి చేర్చాలి. పది కార్ట్రిడ్జిలూ ఒకేసారి కొనకండి. ముందు ఒక 50డి, ఒక 500టి తెప్పించి, పగలు సగం, రాత్రి సగం తీసి, కడిగించి, స్కాను చూశాక మిగతావి ఆర్డరివ్వండి. మీటరు తప్పు, ఫిల్టరు ఇరుక్కోవడం, లెన్సులో బూజు, అన్నీ ఆ రెండింట్లోనే బయటపడతాయి. యూరప్ పోయి రావడానికి నెల పైనే పడుతుంది. డిసెంబరు పెళ్లికి సెప్టెంబరులోనే ఆ రెండు కార్ట్రిడ్జిలు బయల్దేరాలి.